మరిదిని తప్పిస్తే సరుకు వేళకు చేరుతుందా?

ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరున్న ఒక ఊరి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. ఆమెది ఉమ్మడి కుటుంబం, ఇంటి వెనకే చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. జీడిపిక్కలు కొని ఎండబెట్టి నిలవ చేయడం మావయ్యగారి పని. ఉడకబెట్టడం దగ్గర నుంచి గ్రేడింగ్ దాకా భర్త చూసుకుంటారు. లారీ మాట్లాడి సరుకు పంపేది మరిది. ఫోన్లో ఆర్డర్లు తీసుకోవడం, బిల్లులు, జీఎస్టీ ఈమెవి. తోడికోడలు ఇల్లు చూసుకుంటూనే ప్యాకింగ్ దగ్గర నిలబడతారు.

గత దీపావళికి ముందు హైదరాబాద్‌లోని ఒక డ్రైఫ్రూట్స్ షాపు రెండు టన్నుల 320 రకం (పౌనుకు దాదాపు 320 గింజలు తూగే సైజు) పప్పు కావాలంది. ఫోను వచ్చింది సోమవారం. వచ్చే సోమవారానికల్లా మీ షాపులో ఉంటుందని ఈమె మాటిచ్చారు. సరుకు చేరింది ఆ తర్వాతి గురువారం. కొన్ని అట్టపెట్టెలు తడిసి ఉన్నాయి. పండగ బేరం దాటిపోయిందని షాపువాళ్లు సగం సరుకు తిప్పి పంపేశారు. మిగతా సగానికి డబ్బు ఇంకా పూర్తిగా రాలేదు.

ఆ రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఈమె నోరు జారారు: ‘‘ఒక్క లారీ వేళకి పంపలేకపోతే ఇంక నువ్వున్నదెందుకు?’’ మరిది కంచం ముందు నుంచి లేచిపోయారు. తోడికోడలు ఈమెతో మాట మానేసింది. మావయ్యగారు కొన్నాళ్లు చూసి, ‘‘మీకిలాగే ఉంటే వాటాలు పంచేస్తాను, ఎవడి పప్పు వాడు అమ్ముకోండి’’ అన్నారు. భర్త ఏ పక్షమూ మాట్లాడరు. భువనేశ్వర్‌లో ఎంబీఏ చదువుతున్న తమ్ముడు ఫోన్ చేసి, ‘‘అక్కా, మీ దగ్గర అసలు లాజిస్టిక్సే లేదు, ఉన్నదల్లా బావ తమ్ముడొక్కడే’’ అని నవ్వాడట.

ఆమె ప్రశ్నలు మూడు. ఆ లాజిస్టిక్స్ అంటే ఏమిటి, లారీ మాట్లాడడం కాక ఇంకేముంది అందులో? రవాణా పని మరిది నుంచి తీసి ఏదైనా పెద్ద పార్సిల్ కంపెనీకి ఇచ్చేయమని మావయ్యగారితో చెప్పాలా? తోడికోడలితో మళ్లీ మాట ఎలా కలపాలి?

అమ్మా,

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది మీ బాధ రాసిన భాగం కాదు, తేదీలు రాసిన భాగం. కోపంలో ఉండి కూడా ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాశారు. లారీ ఆఫీసుల్లో, గోడౌన్లలో వయసు గడిపినవాణ్ణి కాబట్టి నా కళ్లు ముందు వాటి మీదకే పోయాయి. ఆ వారాన్ని ఇద్దరం కలిసి మళ్లీ ఒకసారి చూద్దాం.

సోమవారం ఆర్డర్ తీసుకున్నారు. ఆ పూట ఫ్యాక్టరీలో 320 రకం ఎంత సిద్ధంగా ఉందో మీవారిని అడగలేదు. హైదరాబాద్ వైపు లారీ ఎప్పుడు దొరుకుతుందో మరిదిని అడగలేదు. షాపాయన తొందరపెడితే తేదీ చెప్పేశారు. పండగ రోజులు కావడంతో పీలింగ్ ఆడవాళ్లు సగం మందే వచ్చారు, సరుకు గ్రేడింగ్ పూర్తయ్యేసరికి గురువారం సాయంత్రం. విశాఖ నుంచి రావాల్సిన టిన్నులు రాలేదు. శుక్రవారం మీవారు ఇక ఆగలేక ప్లాస్టిక్ కవర్లలో కట్టి అట్టపెట్టెల్లో పెట్టించారు. లారీ శనివారం రాత్రి కదిలింది, అదీ విశాఖ దాకానే. అక్కడ ట్రాన్స్‌పోర్టు గోడౌన్లో దించి, ఇంకొందరి సరుకుతో కలిపి వేరే లారీకి ఎక్కించాలి. ఎక్కించబోయే వేళకు సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, గడువు అయిపోయి ఉంది. కాగితం సరిచేసుకునేసరికి బుధవారం. వాన పడింది. గురువారం హైదరాబాద్.

ఇప్పుడు చెప్పండి, ఇందులో మీ మరిది పాలు ఎంత?

ఉంది, లేదనను. సరుకు విశాఖలో దిగి లారీ మారుతుందని ఆయనకు ముందే తెలుసు, ఇంట్లో చెప్పలేదు. అది తప్పే. కానీ సోమవారం నుంచి శనివారం దాకా పోయిన రోజులు లారీవి కావు. అట్టపెట్టె నిర్ణయం లారీది కాదు. టిన్నుల్లో వెళ్లి ఉంటే ఆ వానకు పప్పు చెడేది కాదు.

ఇక ఈ-వే బిల్లు సంగతి. ఇది చెప్తే మీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. గురువారం సాయంత్రం బిల్లు కొట్టినప్పుడే లారీ నంబరు కూడా ఎక్కించేశానని రాశారు. 50 వేల రూపాయలు దాటిన పన్ను సరుకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ నుంచి ఈ బిల్లు ఉండాల్సిందే, అది మీకు తెలిసిందే. గడువు మాత్రం బండి వివరాలు రాసే భాగం, పార్ట్-బిలో బండి నంబరు పడ్డ క్షణం నుంచి నడుస్తుంది, లారీ కదిలిన క్షణం నుంచి కాదు. ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. మీ ఊరి నుంచి హైదరాబాద్‌కు నాలుగు రోజులు వచ్చాయి. గురువారం నంబరు వేశారు కాబట్టి సోమవారం అర్ధరాత్రితో తీరిపోయాయి. గడువు ముగిశాక కూడా 8 గంటల లోపు పొడిగించుకునే వీలుంది. అంటే మంగళవారం ఉదయం 8 గంటల దాకా. ఆ ఉదయం ఆ పని ఎవరిదో మీ ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరేమో అది ట్రాన్స్‌పోర్టు వాళ్ల పని అనుకున్నారు. మీ మరిది అది కంప్యూటర్ పని, వదినది అనుకున్నారు. గోడౌన్ గుమాస్తా ఎవరి పనీ కాదనుకున్నాడు.

గోడౌన్లోనే తెలిసింది కాబట్టి బతికిపోయారు. అదే గడువు తీరిన కాగితంతో రోడ్డు మీద పట్టుబడి ఉంటే పన్నుకు రెండింతలు జరిమానా. 15 లక్షల సరుకు అనుకుంటే 5 శాతం పన్ను 75 వేలు, జరిమానా లక్షన్నర. మీ మరిది ఏడాదంతా బేరమాడి మిగిల్చిన కిరాయి ఒక్క రాత్రిలో పోయేది.

ఇక మీ మొదటి ప్రశ్న. లాజిస్టిక్స్ అంటే నేనిప్పుడు చెప్పిన వారమంతా. కొండ మీద తోటలో పిక్క రాలిన దగ్గర నుంచి హైదరాబాద్‌లో ఎవరో పొట్లం విప్పేదాకా సరుకు ఎందరివో చేతులు మారుతుంది: రైతు, సంతలో కొనే షావుకారు, మీరు, టిన్నులు చేసేవాడు, లారీవాడు, షాపువాడు. ఆ మొత్తం వరసను సప్లై చైన్ అంటారు. అందులో సరుకు కదలడం, ఆగడం, నిలవ ఉండడం, కట్టడం, ఎక్కడం దిగడం, దాని వెంట కాగితం నడవడం, ఎక్కడుందో కబురు తెలియడం, వద్దన్నది తిరిగి రావడం, వీటన్నిటినీ ముందుగా ఆలోచించి నడిపే పని లాజిస్టిక్స్. లారీ అందులో ఒక ముక్క. కంటికి కనబడే ముక్క కాబట్టి తిట్లన్నీ దానికే.

మీ తమ్ముడు మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు. చెప్పింది కూడా సగమే నిజం. మీ ఇంట్లో లాజిస్టిక్స్ లేకపోవడమేమిటి? మీ మావయ్యగారు చేస్తున్నదేమిటి? పిక్కలు వచ్చేది మార్చి నుంచి మే దాకా, మహా అయితే జూన్ మొదటి వారం. ఫ్యాక్టరీ నడవాల్సింది ఏడాదంతా. ఆ మూడు నెలల్లో ఎంత కొనాలి, ఎన్ని ఎండలు పెట్టాలి, ఏ బస్తా ముందు ఉడకబెట్టాలి, గోడకు ఎంత ఎడంగా బస్తాల నెట్టు వేయాలి, ఇవన్నీ ఆయనకు వేళ్ల మీద ఉన్నాయి. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు మీ చుట్టుపక్కల తోటలు నేలమట్టమయ్యాయి. మరుసటి వేసవికి పిక్క దొరకదని ముందే గ్రహించి ఆయన కొరాపుట్ వైపు వెళ్లి మాట్లాడి వచ్చారని మీరే రాశారు. పెద్ద కంపెనీల్లో అలా ముందుచూపుతో సరుకు దొరికే చోట్లు వెతికేవాడికి మంచి జీతమిచ్చి పెట్టుకుంటారు. అంటే లోపలికొచ్చే సరుకు వైపు మీ ఇల్లు గట్టిది. బయటికెళ్లే వైపే ఎవరూ మొత్తాన్ని పట్టుకుని లేరు. వంట అద్భుతంగా చేసి, వడ్డన ఎవరు చేస్తారో చెప్పకుండా పంక్తి కూర్చోబెట్టినట్టుంది.

దీనికి కారణం ఏమిటని ఆలోచిస్తే నాకు మీ ఉత్తరంలో ఒక చిన్న వాక్యం దొరికింది. మావయ్యగారు ప్రతి నెలాఖరుకి మరిదిని పిలిచి, ‘‘కిరాయి ఎంతయింది?’’ అని అడుగుతారని రాశారు. ‘‘అంతెందుకైంది? పలాస వాళ్లకి అంతవుతోందేటి?’’ అని కూడా అంటారట. ఆ ఒక్క ప్రశ్నే. సరుకు ఏ రోజు చేరింది, ఎంత చెడింది, ఎన్నాళ్లకు డబ్బు వచ్చింది అని ఎవరూ ఆయన్ని అడగలేదు.

మనిషిని దేంతో కొలిస్తే దానికే పని చేస్తాడు. మీ మరిదిని కిరాయితో కొలిచారు, ఆయన కిరాయి తగ్గించారు. మీ వైపు సిమెంటో కిరాణా సరుకో దించి ఖాళీగా వెనక్కి వెళ్లే లారీ కోసం కాచుకుని, బ్రోకరుతో బేరమాడి, పార్ట్ లోడులో, అంటే ఇంకొందరి సరుకుతో కలిపి, ఇరికించి పంపుతున్నారు. రిటర్న్ లోడు పట్టడం తేలిక పని కాదు. అదొక విద్య. కానీ రిటర్న్ లారీ మన వేళకు రాదు. దానికి ఎప్పుడు వీలైతే అప్పుడు వస్తుంది. పార్ట్ లోడు మధ్యలో దిగి ఎక్కుతుంది. ఇంటిపెద్ద కిరాయి తగ్గించమంటారు. వదిన వేళకు పంపమంటారు. రెండూ ఒకదాన్నొకటి లాగేవే. అటు లాగితే ఇటు తెగుతుంది. ఏ సరుకుకు ఏది ముఖ్యమో చెప్పాల్సింది ఇంట్లోవాళ్లందరూ కూర్చుని. అది చెప్పకుండా ఆయన్నొక్కణ్నే నిలబెట్టి తిట్టారు. నాకు మీ మరిది మీద జాలి వేసింది, దాచను.

ఇంకో లెక్క చూడండి. అదే 15 లక్షల సరుకు. ఏడాదికి 12 శాతం వడ్డీ వేసుకుంటే పది రోజులు ఆగినందుకు దాదాపు 5 వేలు. పార్ట్ లోడుతో మిగిలిందెంతో మీ మరిదిని అడిగి పక్కన పెట్టి చూడండి. దానికి తిరిగొచ్చిన సరుకు కిరాయి, తరుగు, పండగ ధరకు పోవాల్సిన పప్పు మామూలు ధరకు పోవడం కూడా కలపాలి. మీ ఖాతా పుస్తకంలో ‘లారీ కిరాయి’ అని ఒక పద్దు ఉంటుంది, ఆగినందుకు ఖర్చు అని పద్దు ఉండదు. మీరేం చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మన దేశమే లాజిస్టిక్స్ ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 13, 14 శాతమని ఏళ్ల తరబడి ఉజ్జాయింపుగా చెప్పుకుంటూ వచ్చింది. కూర్చుని లెక్కగడితే 2023-24కి అది 7.97 శాతమని 2025లో తేలింది. లెక్క పెట్టనంత కాలం ఎవరికి తోచిన అంకె వాళ్లు చెప్తారు, ఎవరికి కోపమున్న మనిషిని వాళ్లు తిడతారు.

సరుకు చెడేది, ఆలస్యమయ్యేది ఎక్కువగా నడిచే దారిలో కాదు, చేయి మారే చోట. మీ పర్లాకిమిడి వాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? మీ రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడా నుంచి నడిచింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. నౌపడా దగ్గర పెద్ద లైను ఎడం అయిదున్నర. దూరం పోవాల్సిన బస్తా ఏదైనా సరే అక్కడ దిగి, మళ్లీ ఎక్కాలి. ఆ చిన్న రైలు నడిచినన్నాళ్లూ అంతే. మీ ఇంట్లోనూ అలాంటి చోట్లు ఉన్నాయి: మీ ఫోనుకూ మీవారి గ్రేడింగ్ బల్లకూ మధ్య ఒకటి, ఆ బల్లకూ మీ తోడికోడలి ప్యాకింగుకూ మధ్య ఒకటి, అక్కడి నుంచి మరిది లారీకి ఒకటి. ఆ చోట్లలో మాట దిగి ఎక్కడం లేదు. దిగి అక్కడే ఉండిపోతోంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఏం చేయాలని. మీకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి నాకు. ఏది మంచిదో మీ ఇంటికే తెలుసు, నేను చెప్పగలిగింది దేనికి ఏం కట్టాల్సి వస్తుందో అంతే.

మీరన్నట్టు పార్సిల్ కంపెనీకి ఇవ్వడం మొదటిది. బండి ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చు, రేటు ముందే తెలుస్తుంది. కానీ వాళ్లు మీ ఊరి గుమ్మంలోకి వచ్చి ఎత్తుకెళ్తారా, పలాసకో శ్రీకాకుళానికో మీరే చేర్చాలా కనుక్కోండి. మీరే చేర్చాలంటే ఆ ముక్కకు మళ్లీ మరిది కావాలి. వాళ్ల దగ్గరా సరుకు గోడౌన్లలో దిగి ఎక్కుతుంది, ఇంకా ఎక్కువ సార్లే. నష్టపరిహారం సంగతి ముందే చదువుకోండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద, సరుకు విలువ ఎక్కువని ముందే ప్రకటించి దానికి తగ్గ చార్జీ కట్టకపోతే, పోయిన సరుకుకు వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. జీడిపప్పు లాంటి ఖరీదైన సరుకుకు కిరాయి తక్కువ, విలువ ఎక్కువ. పది రెట్లన్నా మీ నష్టానికి ఏ మూలకీ రాదు. కాబట్టి విలువ ప్రకటించడమో, విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ (దారిలో ఉన్న సరుకుకు బీమా) తీసుకోవడమో తప్పదు. ఇంత చేసినా మీరు ఫ్యాక్టరీలో అడగకుండా తేదీ చెప్పడం మానకపోతే దీపావళి కథ మళ్లీ నడుస్తుంది. అప్పుడు తిట్టడానికి ఇంట్లో మనిషి ఉండడు, కాల్ సెంటర్ ఉంటుంది. ఇంట్లో మాత్రం మరిదిని ‘పనికిరాడు’ అని తేల్చేసినట్టవుతుంది. ఆ మాట తర్వాత వెనక్కి తీసుకోలేరు.

రెండోది, మరిదిని తప్పించకుండా పని పెంచడం. లారీ ఒక్కటే కాదు, ఆర్డర్ వచ్చిన పూట నుంచి షాపువాడి సంతకం వచ్చేదాకా ఆయనదే. టిన్నులు ఎన్నున్నాయో ఆయనే చూసుకోవాలి. సరుకు ఎప్పటికి సిద్ధమో మీవారు ఆయనకు చెప్పాలి. తేదీ ఆయన చెప్తేనే మీరు కస్టమర్‌కు చెప్పాలి. లారీ ఫ్యాక్టరీ గేటు దాటే ముందు బండి నంబరు ఆయన పంపితే అప్పుడే మీరు పార్ట్-బి నింపాలి, బండి మారితే కొత్త నంబరు ఎక్కించాలి. దీనికి మీరు చెల్లించాల్సిన ఖరీదు చిన్నది కాదు. ఇన్నాళ్లూ కస్టమర్ దగ్గర మాటిచ్చే అధికారం మీది. అది సగం వదులుకోవాలి. ‘‘కనుక్కుని గంటలో చెప్తాను’’ అనడం అలవాటు చేసుకోవాలి. కొన్ని ఆర్డర్లు ఆ గంటలో పోతాయి కూడా. మీవారు కూడా ‘అయిపోవచ్చింది’ అనే మాట మానుకుని, ఎన్ని కిలోలు అయిందో చెప్పాలి. మావయ్యగారు నెలాఖరు ప్రశ్న మార్చుకోవాలి. అది అన్నిటికన్నా కష్టం.

నన్నడిగితే ఇందులో ఇంకొకటి చేరుస్తాను. సరుకును రెండు తరగతులు చేయండి. పండగ ఆర్డర్లు, కొత్త కస్టమర్లు, 240, 320 లాంటి మంచి రకాలు ఒక తరగతి. వీటికి కిరాయి చూడకండి, నేరుగా వెళ్లే బండి మాట్లాడండి, అవసరమైతే చిన్న బండైనా సరే. బద్ద, ముక్క, బ్రహ్మపురం స్వీటు షాపులకు నెలనెలా వెళ్లే సరుకు రెండో తరగతి. వీటికి రిటర్న్ లోడు కోసం హాయిగా ఆగొచ్చు. మీ మరిది విద్య అక్కడ వెలుగుతుంది.

మూడోది విశాఖలోనో విజయవాడలోనో కొంత సరుకు ముందే నిలవ ఉంచుకోవడం. అడిగిన రెండు రోజుల్లో హైదరాబాద్ చేరుతుంది. పెద్ద వ్యాపారులు చేసేది ఇదే. మీకు మాత్రం బరువు. లక్షల డబ్బు గోడౌన్లో కూర్చుంటుంది. మీది ఒడిశా రిజిస్ట్రేషన్ కాబట్టి ఆంధ్రలో సరుకు పెట్టి అక్కడి నుంచి అమ్మాలంటే అక్కడ వేరే జీఎస్టీ నంబరు తీసుకోవాలి, రెండు రాష్ట్రాల రిటర్నులు మీరే వేయాలి. కోస్తా గాలి తేమకు పప్పు మెత్తబడకుండా, పురుగు పట్టకుండా చూసే నమ్మకస్తుడు కావాలి. దసరా నుంచి సంక్రాంతి దాకా నడిపి చూడొచ్చేమో గానీ ఇప్పుడే దిగమని అనను.

నాలుగోది చాలామంది సిగ్గుపడి చెప్పరు: గేటు దగ్గరే అమ్మేయడం. పలాస వ్యాపారి బండి తెచ్చుకుని ఎత్తుకెళ్తాడు. లారీ, కాగితం, వాన అన్నీ అతనివి. ధర తగ్గుతుంది, మీ పేరు డబ్బా మీద ఉండదు. మనశ్శాంతికి అది కూడా ఒక ధరే. ఉత్పత్తి అంతా కాకపోయినా కొంత భాగం ఇలా పోతే చేతిలో రొక్కం ఆడుతుంది, హైదరాబాద్ బాకీల కోసం నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు.

వాటాలు పంచుకుంటే తీరుతుందా అంటే, తీరదు. ఇద్దరన్నదమ్ములకూ చెరో టన్ను సరుకు ఉంటుంది, ఇద్దరికీ పార్ట్ లోడే దిక్కు అవుతుంది. మీవారికి లారీ పట్టడం రాదు, మీ మరిదికి గ్రేడింగ్ రాదు. మావయ్యగారికి ఇది తెలియకనా? బెదిరించారంతే అని నాకనిపిస్తుంది. అయినా ఇంటిపెద్ద నోట వాటా మాట రెండోసారి రాకుండా చూసుకోవడం మంచిది.

ఇక మనుషుల సంగతి. మావయ్యగారి దగ్గరకు ముందు వెళ్లకండి. మరిదిని తప్పించమనడానికైనా, ఉంచమనడానికైనా ఆయన వెనక మాట్లాడినట్టే అవుతుంది. ముందు మరిదితోనే మాట్లాడండి, భోజనాల దగ్గర కాదు, ఫ్యాక్టరీలో, పగటిపూట, మీవారు ఉండగా. ఆ వారం తేదీలు ఒక కాగితం మీద రాసి, ‘‘గురువారమే బండి నంబరు వేసింది నేను, అందుకే గడువు తీరింది’’ అని మొదట మీ పొరపాటు చెప్పండి. విశాఖలో బండి మారుతుందన్న సంగతి చెప్పకపోవడం గురించి ఆయనే అప్పుడు మాట్లాడతారు. మాట్లాడకపోతే అడగండి, కానీ రెండో మాటగా. మీవారు అట్టపెట్టెల సంగతి తానే ఒప్పుకుంటే మేలు. ఆయన మౌనం ఇన్నాళ్లూ తమ్ముడి మీద నిందగానే పని చేసింది, ఆ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు.

తోడికోడలికి కోపం మీరు ఆమె భర్తను అన్నందుకు అనుకుంటున్నారు. అదొక్కటే కాదేమో. తడిసింది ఆమె కట్టించిన పెట్టెలే కదా. ఆ రాత్రి ఎవరూ ఆమె పేరు ఎత్తలేదు గానీ, రేపు తన వంతు వస్తుందని ఆమెకు భయం ఉండి ఉంటుంది. టిన్నులు లేకుండా పప్పు కట్టవద్దని ఆమె అన్నదా, అంటే ఎవరైనా విన్నారా? ఇది వెళ్లి అడగండి. క్షమాపణ కన్నా ముందు ఇది అడగండి. ప్యాకింగ్‌లో ఏది ఎలా వెళ్లాలో ఆఖరి మాట ఆమెది అని మీరే ఇంట్లో చెప్పగలిగితే, పనికి కూడా అది మంచిదే. కట్టే చేతికే తెలుస్తుంది ఏ పెట్టె ఎంత దూరం తట్టుకుంటుందో.

మావయ్యగారితో మాట్లాడే రోజున లాజిస్టిక్స్ అనే మాట వాడకండి, తమ్ముడి పేరు అసలు ఎత్తకండి. ఆయనకు తెలిసిన భాషలో చెప్పండి: మీరు పిక్క బస్తాలు లోపలికి తెచ్చేటప్పుడు ఎంత ముందుచూపు పెడతారో, పప్పు బయటికి పోయేటప్పుడు కూడా అంత పెట్టాలి, అది చిన్నబ్బాయి చేస్తాడు, నెలాఖరుకి కిరాయితో పాటు చేరిన తేదీ, తరుగు, రావాల్సిన బాకీ కూడా మీకు చూపిస్తాడు అని. నాలుగు గడుల కాగితం చాలు. ఆయన మొదటి నెల కిరాయి గడి ఒక్కటే చూస్తారు. ఫర్వాలేదు, మిగతా మూడూ కూడా నింపి ఉంచండి.

ఇవన్నీ నెమ్మదిగా జరిగేవి. ఒకటి మాత్రం ఆగదు. తడిసిన సరుకుకు నష్టం అడగాలంటే ట్రాన్స్‌పోర్టు వాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అదీ బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపు. ఆ తర్వాత కోర్టుకు వెళ్లినా వినరు. దీపావళి ముందు బుక్ చేశారు, ఇప్పుడు మాఘం నడుస్తోంది. ఉగాది దాకా లాగకండి. సరుకు దించుకున్న రోజున హైదరాబాద్ షాపువాళ్లు ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మీద ‘పెట్టెలు తడిసి ఉన్నాయి’ అని రాశారేమో ముందు కనుక్కోండి, ఫొటోలు ఉంటే తెప్పించండి. అట్టపెట్టెలు మీ ఎంపికే కాబట్టి వాళ్లు ఆ మాట ఎత్తుతారు. పూర్తి నష్టం రాకపోవచ్చు. విలువ ప్రకటించకపోతే పది రెట్ల హద్దు ఉండనే ఉంది. అయినా ఇవ్వండి. ఎల్ఆర్ నంబరు, బుకింగ్ తేదీ, గోడౌన్ వాళ్లతో మాట్లాడిన సంగతులు మీ మరిది దగ్గరే ఉంటాయి. ఆ నోటీసు ఆయన చేతే రాయించి, ఫ్యాక్టరీ తరఫున ఆయన సంతకంతోనే, స్పీడ్ పోస్టులో పంపండి.